మినహాయింపు, అప్పీలు : ఒక పరిశీలన

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి నోటీసు వస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఆ సంగతి నేను నిరుడు మా ఇంట్లోనే నేర్చుకోవలసి వచ్చింది. తోటి విద్యార్థులకు ఉపయోగపడుతుందేమోనని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది ఎల్.బి.నగర్. 2019లో 150 గజాల స్థలంలో, మంజూరైన ప్లానుతోనే నాన్న ఇల్లు మొదలుపెట్టారు. గోడలు లేచేటప్పటికి ప్లాను కాస్త పక్కకు జరిగింది. ప్లానులో పక్కన ఒక మీటరు ఖాళీ చూపించాం. తీరా చూస్తే 92 సెంటీమీటర్లే మిగిలింది. అంతకన్నా పెద్ద తప్పు ముందువైపు జరిగింది. సెట్‌బ్యాక్‌గా వదలవలసిన చోట ఒక షట్టర్ గది వేశాం. దాన్ని జిరాక్స్ షాపుకిచ్చి, ఆ అద్దెతో నా కాలేజీ ఫీజు కట్టేవాళ్ళం. నిరుడు ఒకరోజు పొద్దున్నే గేటుకు తాఖీదు అంటించి ఉంది: ప్లానుకు విరుద్ధంగా కట్టినది ఎందుకు తొలగించకూడదో 15 రోజుల్లో కారణం చూపండి, అని.

ఆ సాయంత్రానికల్లా ఇంటినిండా సలహాదారులే. "ఏం గాదు సార్, మనోళ్ళున్నరు, చూస్కుందాం" అన్నాడొకాయన. ఎంతవుతుందో కూడా చెప్పాడు. మిగతావాళ్ళు చెప్పిన వాదాలు మూడు. ఇంటి పన్ను కడుతున్నాం గదా. వీధిలో అందరూ ఇట్లాగే కట్టారు గదా. ఎప్పుడో ఒకప్పుడు సర్కారు క్రమబద్ధం చేస్తుంది గదా! నాకూ అవి న్యాయంగానే తోచాయి. తర్వాత లైబ్రరీలో కూర్చుని చదివితే ఒక్కటీ నిలవలేదు.

పన్ను కట్టించుకున్నంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు. రెండోది, రాజ్యాంగం 14వ అధికరణం ఇచ్చే సమానత్వం చట్టబద్ధమైన హక్కులో సమానత్వమే గాని, పక్కవాడు చేసిన తప్పు నేనూ చేసుకునే హక్కు కాదు. ఇక క్రమబద్ధీకరణ. 2007 చివర ఒకసారి, 2015లో ఒకసారి ఆ పథకాలు వచ్చిన మాట నిజం. అయితే 2015 నాటి పథకానికి గడువు తేదీ ఆ సంవత్సరం అక్టోబర్ 28. మా గది దాని తర్వాత వేసింది. పైగా ఆ దరఖాస్తులే హైకోర్టు మెట్ల దగ్గర ఆగిపోయాయి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు మరో కేసులో స్పష్టం చేసింది: ఎంతకాలం గడిచినా, ఎంత ఖర్చు పెట్టినా, అధికారులు ఊరుకున్నా, అక్రమ నిర్మాణం సక్రమం కాబోదని.

మరి సామాన్యుడికి మిగిలిందేమిటి? విన్నవించుకునే హక్కు. ఇది చిన్న హక్కేమీ కాదు. 1863లో లండన్ పక్కన వాండ్స్‌వర్త్‌లో కూపర్ అనే ఆయన స్థానిక బోర్డుకు ముందుగా తెలపకుండా ఇల్లు మొదలుపెట్టాడని, బోర్డువారు దాన్ని కూలగొట్టేశారు. చట్టం వాళ్ళకు ఆ అధికారం ఇచ్చింది. ముందు అతని మాట వినాలని మాత్రం చట్టంలో ఎక్కడా రాసిలేదు. అయినా కోర్టు, వినకుండా కూల్చడం తప్పని చెప్పి కూపర్‌కు నష్టపరిహారం ఇప్పించింది. న్యాయశాస్త్రం చదివే మిత్రులకు ఈ కేసు కొత్తకాదు. 2024 నవంబర్ 13న మన సుప్రీంకోర్టు ఆ సూత్రానికి రోజుల లెక్క కట్టింది. కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి; స్వయంగా చెప్పుకునే అవకాశమివ్వాలి; కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి; ఆ ఉత్తర్వు తర్వాత మరో 15 రోజులు ఆగాలి. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, చెరువు వంటి చోట్ల ఆక్రమణలకూ, కోర్టే కూల్చమన్న కట్టడాలకూ ఈ రక్షణ లేదు.

వింటారు సరే, ఏం చెప్పాలి? ఇక్కడే చాలామంది పొరబడతారు. పిల్లలుగలవాణ్ణి, అప్పుచేసి కట్టాను, దయచూడండి అని రాస్తారు. దయ చూపించే అధికారం ఆ కుర్చీకి లేదు. నియమం ఎంత సడలింపు ఇచ్చిందో అంతే ఆ కుర్చీ ఇవ్వగలదు. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి, అంటే జి.ఓ. 168, చదివితే మాకు కావలసింది దొరికింది. మరీ ఎత్తుకాని భవనాల్లో, ముందు సెట్‌బ్యాక్ తప్ప మిగతా వైపుల ఉల్లంఘన 10 శాతం లోపు ఉంటే, రుసుము కట్టించుకుని మన్నించవచ్చు. మా పక్కగోడ లోటు 8 సెంటీమీటర్లు. అంటే 8 శాతం. ముందు గదికి మాత్రం ఆ నియమంలో చోటు లేదు.

ఆ రాత్రి నాన్నకు ఈ మాట చెప్పడమే నాకు కష్టమైంది. "అయితే గది పోయినట్టేనా?" అన్నారు. పోయినట్టే అన్నాను. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఆవిడే, "గది కోసం ఇల్లంతా పోగొట్టుకుంటామా, రాయి" అంది.

జవాబు ఒక పేజీ రాశాం. తాఖీదు నంబరు, తేదీ. మంజూరు ప్లాను నకలు. లైసెన్స్ ఉన్న ఇంజనీరు కొలతలు. పక్కగోడకు ఏ నియమం కింద మన్నింపు కోరుతున్నామో. ముందు గదిని మేమే తీసేస్తామని ఒప్పుకోలు. గడువు లోపల ఇచ్చి, రసీదు మీద ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్రే అసలు ప్రాణం. నెలన్నర తర్వాత కొలతలకు వచ్చారు. రుసుము కట్టాం. గోడ నిలిచింది, గది పోయింది. ఈ ఏడాది నా ఫీజు సాయంత్రం ట్యూషన్లతో కడుతున్నాను.

ఒకవేళ జవాబు పట్టించుకోకుండా ఉత్తర్వు ఇస్తే? అప్పుడు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేసుకోవచ్చు. అక్కడ మొదట చూసేది, మనకు నోటీసు ఇచ్చారా, మన జవాబును పరిశీలించారా అనే. జవాబే ఇవ్వనివాడికి ఆ వాదం సగం బలహీనమవుతుంది. ఫైలులో ఏముందో తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది: పది రూపాయల రుసుము, 30 రోజుల గడువు. మన ప్రాంతంలో పాత కాగితాలు మరీ ముఖ్యం. 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ ఏర్పడేదాకా ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం వేర్వేరు మునిసిపాలిటీలు. అందుచేత ఒక ఇంటికి ఒక కార్యాలయం ముద్ర, పక్కింటికి మరో ముద్ర ఉంటుంది. వాటిని పారేసుకున్నవాడు వాదనే పారేసుకున్నట్టు.

ఇది ఇల్లున్నవాడి సంగతి. తోపుడుబండే ఆస్తిగా గలవాడి మాటేమిటి? దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర మనం రోజూ పండ్లు కొనే మనిషికీ ఒక చట్టం ఉంది. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం 30 రోజుల నోటీసు లేనిదే అతన్ని ఖాళీ చేయించకూడదు. విక్రయ ధ్రువపత్రం నిరాకరిస్తే స్థానిక సంస్థకు అప్పీలు చేసుకోవచ్చు. ఈ మాట ఒక బండి ఆయనకు చెబితే, "కాయిదం ఎవరు రాస్తరు బిడ్డా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు మనమే కావాలి. వారానికి ఒక గంట విద్యార్థి సంఘం గదిలో ఇద్దరం కూర్చుంటే చాలు. తాఖీదు చదివిపెట్టి, గడువు తేదీ చెప్పి, ఒక పేజీ జవాబు రాసివ్వవచ్చు. వచ్చే ఏటి కార్యవర్గం దీన్ని ఆలోచించాలని నా మనవి. మొదటి వారం కూర్చోవడానికి నేను సిద్ధం.