నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయి?



నేను సైన్సు చదివినవాణ్ణి కాను. బీకాం చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇలాంటి వ్యాసం రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. ఈ విషయంలో నేను ఒక తప్పు చేశాను.

2019లో మన ఉపకార వేతనాల ఇంటర్వ్యూకి ప్లస్ టూ పాసైన ఒక అమ్మాయి వచ్చింది. ఫిజిక్స్ చదువుతానంది. “నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయమ్మా?” అని అడిగాను. “గాలి వల్లనండీ” అంది. అవి చాలా దూరంలో ఉండడమే కారణమని నేను చిన్నప్పటి నుంచి అనుకుంటున్నాను. ఎందుకలా అన్నావని కూడా అడగకుండా ఆ ప్రశ్నకు సున్నా వేశాను. కొద్ది మార్కుల తేడాతో ఆ ఏడు ఆమె పేరు జాబితాలోకి రాలేదు.

కొన్ని నెలల తర్వాత బంధువుల పిల్లలతో జవ్వాది కొండల మీది కావలూరు వేధశాలకు వెళ్ళాను. సందర్శకులకు పెట్టిన దూరదర్శినిలో నక్షత్రం చుక్కలా నిలవలేదు. నీటిలో నీడలాగా వణికింది. “దూరదర్శిని కదులుతోందా?” అని అడిగాను. “లేదండీ, మన నెత్తిమీది గాలి కదులుతోంది” అని చూపిస్తున్నాయన చెప్పారు. ఆ అమ్మాయి చెప్పిన జవాబే అది. ఆ తర్వాత పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకున్నది మీకు చెబుతాను.

మొదట ప్రవాహం సంగతి. కుళాయి కొంచెం తిప్పితే నీరు గాజు కడ్డీలా నునుపుగా దిగుతుంది. పూర్తిగా తిప్పితే తెల్లగా, చప్పుడు చేస్తూ, కలతపడి పడుతుంది. అగరువత్తి పొగ కొంత ఎత్తు తిన్నగా లేచి, ఆపైన సుడులు తిరుగుతుంది. ఈ అలజడినే టర్బులెన్స్ అంటారు. 1883లో ఆస్బర్న్ రెనాల్డ్స్ మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో పారే నీటిలోకి సన్నని రంగు ధార వదిలి, తిన్నని ప్రవాహం ఎప్పుడు కలతపడుతుందో పరీక్షించాడు. వేగాన్ని గొట్టం వెడల్పుతో గుణించి, ద్రవం చిక్కదనాన్ని తెలిపే ఒక అంకెతో భాగిస్తే వచ్చేదే రెనాల్డ్స్ సంఖ్య. గొట్టాల్లో ఇది సుమారు 2,000 లోపుంటే ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది. అంతకు బాగా మించితే సుడులు మొదలవుతాయి.

లెక్క వేసి చూద్దాం. ఒకటిన్నర సెంటీమీటర్ల గొట్టంలో నీరు సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో పారితే 1,500 వస్తుంది. సెకనుకు ఒక మీటరైతే 15,000. ఇక 100 మీటర్ల మేర, సెకనుకు 5 మీటర్ల గాలికి లెక్క వేస్తే మూడు కోట్లు దాటుతుంది! అందుకే మన మీది గాలిలో అలజడి లేని వేళ దాదాపు ఉండదు.

పెద్ద సుడి చిన్న సుడులుగా, అవి ఇంకా చిన్నవిగా విడిపోతాయి. 500 రూపాయల నోటు వందలుగా, పదులుగా, చివరికి నాణేలుగా మారినట్లే. చేతులు మారేటప్పుడు మొత్తం తగ్గదు. మిల్లీమీటర్ల స్థాయికి వచ్చాకే ఆ శక్తి వేడిగా ఖర్చయిపోతుంది. ఈ చిల్లర లెక్కకు 1941లో రష్యన్ గణితవేత్త కొల్మొగరోవ్ సూత్రం చెప్పాడు.

ఇప్పుడు వెలుగు సంగతి. చల్లగాలి, వేడిగాలి వెలుగును సమానంగా వంచవు. ఒక డిగ్రీ తేడాకు గాలి వక్రీభవన గుణకం మారేది పది లక్షల్లో ఒక వంతు మాత్రమే. కాని నక్షత్రపు వెలుగు కిలోమీటర్ల కొద్దీ ఇలాంటి సుడుల గుండా వస్తుంది. ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా మన కంటికి చేరుతుంది. అదే మిణుకు. ఆకాశం అంచున ఉన్న నక్షత్రపు వెలుగు ఎక్కువ గాలిని దాటాలి కనుక అది ఎక్కువగా మిణుకుమంటుంది.

మరి దూరం? అది సగం మాటే. దూరం వల్ల నక్షత్రం చుక్కగా కనబడుతుంది. గురుగ్రహం చిన్న బిళ్ళ. దాని ఒక్కో భాగం వెలుగు విడివిడిగా అదిరినా, మొత్తం మీద సరిపోతుంది. అందుకే గ్రహాలు నిలకడగా వెలుగుతాయి. గాలి లేని చంద్రుడి మీద నిలబడి చూస్తే ఏ నక్షత్రమూ మిణుకుమనదు.

కావలూరులో 1986లో ప్రారంభమైన 2.34 మీటర్ల దూరదర్శినికి, ఆ స్థలాన్ని ఎంచిన వేణు బప్పు పేరు పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేశారు. అంత పెద్ద అద్దం వెలుగును బాగా పోగుచేస్తుంది. కాని గాలి అలజడి వల్ల సూక్ష్మ వివరం చూపడంలో చిన్న దూరదర్శినిని అంతగా మించలేదు. ఎత్తయిన కొండల మీద నిలకడైన గాలిని వెతుక్కోవాలని న్యూటన్ 1704లోనే రాశాడు. లడాఖ్‌లోని హాన్లేలో సుమారు 4,500 మీటర్ల ఎత్తున మన దేశపు 2 మీటర్ల దూరదర్శిని అందుకే ఉంది. దాన్ని బెంగళూరు దగ్గరి హొసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. గాలి కలతకు తగినట్టు సెకనుకు వందలసార్లు ఆకారం మార్చుకునే అద్దాలు మరో ఉపాయం. ఈ ఆలోచన 1953లో హొరేస్ బాబ్‌కాక్‌ది. గాలినే దాటిపోవడం మూడోది. 1990లో హబుల్‌ను అలాగే పంపారు.

కావలూరు నుంచి వచ్చాక జరిగింది కమిటీకి చెప్పాను. మరుసటి ఏడు ఆ అమ్మాయికి సహాయం మంజూరైంది. అప్పటికే ఆమె ఇంటికి దగ్గరి కాలేజీలో బీకాంలో చేరిపోయింది. బీకాం తక్కువ చదువు కాదు, నేను చదివిందీ అదే. కాని ఆమె కోరుకున్నది అది కాదు. ఇంటికి వెళ్ళి నా తప్పు ఒప్పుకున్నాను. “పరవాలేదు తాతగారూ” అంది. నాకు మాత్రం పరవాలేదనిపించలేదు.

అప్పటి నుంచి ఇంటర్వ్యూలో జవాబు తప్పనిపిస్తే మార్కు వేసేముందు “ఎందుకు?” అని అడుగుతున్నాం. మేము అడగడం మరిచిపోతే మీరే చెప్పండి. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పినట్టు అనుకోము.

ఇంట్లో చేయండి: స్టీలు గిన్నెలో నాణెం వేసి, నీళ్ళు పోసి, వేలితో కలతపెట్టి చూడండి. రాత్రి మిద్దె ఎక్కి, నడినెత్తిన ఉన్న నక్షత్రాన్నీ అంచున ఉన్నదాన్నీ పోల్చండి. చూసింది మీ మాటల్లో ఒక పేజీ రాసి, ఈసారి దరఖాస్తుతో జతచేయండి. అన్నీ నేనే చదువుతాను.