ఆవకు అదను

మేనల్లుడా,

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను పదకొండేళ్లు తిరిగిన నేల అది. ఇంకో పది రోజుల్లో రైతులు నిన్ను రెండు మాటలు అడుగుతారు: ఆవ ఎప్పుడు విత్తాలి, ఏ రకం వేయాలి? విడివిడిగా జవాబు చెప్పకు. బోరు లేని రైతుకు ఆ రెండూ ఒకటే ప్రశ్న.

మన ఇంట్లో ఆవాలు పోపుల పెట్టెకే. అక్కడ అది నూనె పంట, పిల్లల చదువూ పెళ్లీ దాని మీదే. సెప్టెంబరు చివరికి వానలు వెనక్కి పోతాయి. ఆపైన నాలుగున్నర నెలలు పైరు నేలలో దాగిన తేమతోనే బతకాలి. ఎండ ముదిరి ఉండగా విత్తితే మొలక మాడిపోతుంది. నల్లటి ఒంటి మీద నారింజ మచ్చలున్న చిన్న పురుగు లేత ఆకుల రసం పీల్చేస్తుంది. బాగా చల్లబడనీ అనుకుంటే నేలలో పదును పోతుంది. హస్త చివర, చిత్త మొదట్లో, అంటే అక్టోబరు 15 లోపు దొరికే ఆ కొద్ది రోజులే అదను. నీరున్నవాడికి నెలాఖరు దాకా వెసులుబాటుంది.

నా మొదటి ఏడాది, అక్టోబరు రెండో వారంలో, వేడి ఇంకా తగ్గాలని ఒక పెద్దాయనను ఆపాను. ఆయన పిడికెడు మట్టి తీసి నొక్కాడు. ముద్ద కట్టింది. ‘ఈ పదును వారం ఉండదు సాబ్’ అన్నాడు. నేను వినలేదు. పది రోజులు ఆగి విత్తితే సాలులో అక్కడొకటి ఇక్కడొకటి మొలిచాయి. పూత వెనకబడింది, ఫిబ్రవరిలో పేనుబంక కమ్మింది. పూగుత్తి ముట్టుకుంటే వేళ్లకు జిగురంటేది. మార్చి ఎండకు గింజ నిండకముందే కాయ ఎండింది. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ మట్టి ముద్ద మాత్రం నా కళ్ల ముందు నుంచి పోలేదు.

ఇక రకం సంగతి. భరత్‌పూర్ ఆవ పరిశోధన సంస్థ ఇచ్చిన గిరిరాజ్ మంచి దిగుబడి రకం, కానీ తడి పెట్టగలిగినవాడికి. పక్క పొలం చూసి బోరు లేనివాడూ అదే కావాలంటాడు. అతనికి హిసార్ విశ్వవిద్యాలయం వర్షాధారానికని ఇచ్చిన ఆర్‌హెచ్ 725 లాంటివి చూపించు. ఆలస్యమైనవాడు ఎన్‌ఆర్‌సీహెచ్‌బీ 101 అడుగుతాడు. ఆలస్యానికి అది సరైనదే, అయితే అదీ నీటి కింద పండేదే. నీరూ లేక అదనూ దాటితే ఆవ వద్దని గట్టిగా చెప్పు. తక్కువ తేమకు ఓర్చుకునే తారామిరా పంట వేసుకోమను. ఆ మాట చెప్పడం కష్టం, చెప్పకపోతే వాళ్ల ఏడాది పోతుంది.

సిఫార్సుల కాగితం దగ్గర ఉంచుకో, కానీ ముందు పొలంలో దిగు. నాలుగు వేళ్ల లోతు తవ్వి మట్టి నొక్కి చూడు. అక్టోబరు వచ్చి, మట్టి ముద్ద కడుతుంటే, ఆ సాయంత్రమే గొర్రు కట్టమను.

మీ మామయ్య