వరి ఎండాకు తెగులు – దొంగ తాళపుచెవి



గాలివాన కురిసిన కొలది దినములకు వరి ఆకుల కొనలు పసుపువారి, అంచుల వెంబడి అలలవలె క్రిందికి ఎండుచు వచ్చుట మీలో పలువురు చూచియే యుందురు. చేనికి బలము చాలలేదని తలచి వెంటనే యూరియా చల్లువారు గలరు. పూర్వమొకప్పుడు నేనును ఒక రైతునకు అట్టి సలహాయే యిచ్చితిని. కొలది దినములలో ఆ మడి గడ్డివలె తెల్లబారినది. ఆ తప్పు మరియొకరు చేయకుండుటకై యీ పాఠము వ్రాయుచున్నాను.

అది ఆకలి కాదు, ఎండాకు తెగులు. దీనికి కారణము జాంథోమోనాస్ ఒరైజే అను బాక్టీరియా. ఈ తెగులును 1884లో జపాను దేశపు ఫుకువోకా ప్రాంతమున మొదట గుర్తించిరి. ఇది వరిని, వరికి చుట్టములగు కొన్ని గడ్డిజాతులను మాత్రమే పట్టును. మిరప ఆకులపై మచ్చలు వేయు బాక్టీరియా దీని దాయాదియే గాని వేరొకటి.

వరినే యేల పట్టవలె? ఈ సూక్ష్మజీవి ఆకు అంచుననుండు నీటిరంధ్రముల గుండను, చిరుగుల గుండను నీటినాళములలో జొరబడును. అచ్చట ఆహారము స్వల్పము. అప్పుడది తాను తయారుచేసిన యొక మాంసకృత్తును వరి కణములోనికి పంపును. కణములోని చక్కెరను వెలికి విడుచు జన్యువు వరికి గలదు. ఆ మాంసకృత్తు తాళములో తాళపుచెవివలె ఆ జన్యువున కమరి, దానిని తెరపించును. చక్కెర బయటికి వచ్చును, బాక్టీరియా తిని వృద్ధియగును. గాదెను ఇంటివానిచేతనే తెరపించు దొంగ యిది! తరతరములుగా వరిలో బ్రతుకుచు, చెవి సరిపడినవి పెరిగి, సరిపడనివి నశించుటచే ఈ నేర్పు దానికి అలవడినది.

బాపట్లలో రూపొందిన సాంబా మసూరి (బి.పి.టి. 5204) ఈ తెగులునకు సులభముగా లొంగును. కావున హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, సి.సి.ఎం.బి. సంస్థయు కలసి మెరుగుపరచిన సాంబా మసూరిని సిద్ధపరచగా, అది 2008లో విడుదలయ్యెను. అందు 3 జన్యువులు చేర్చబడినవి. ఒకదానిలో తాళమే మారియుండును. రెండవది తాళపుచెవిని సరిగా తిరుగనీయదు. మూడవది ఆఫ్రికాలోని యొక అడవి వరినుండి వచ్చినది. అది కావలివానివలె శత్రువును పసిగట్టి మొక్కను మేలుకొల్పును. దొంగ క్రొత్త చెవులు చేయగలడు గనుక ఒక్క కాపుదల చాలదు, మూడును కలసి యుండవలెను.

అనుమానము కలిగిన, తెగులు సోకిన ఆకును కోసి, గాజుగ్లాసులోని తేటనీటిలో ముంచుడు. కొన్ని నిమిషములలో కోసినచోట పాలవంటి ధార కారిన, ఈ తెగులే యని తెలియుడు. తోడనే యూరియా ఆపుడు. నత్రజని హెచ్చినకొలది తెగులు విజృంభించును. ఆ మడి నీటిని ప్రక్క మడికి పోనీయకుడు. ఆ చేని ధాన్యమును విత్తనమునకు ఉంచకుడు. నాట్లకు ముందు నారు కొనలు త్రుంచకుడు. ఆ గాయమే శత్రువునకు వాకిలి.

నాళములలో జొరబడిన పిమ్మట మందు చల్లి దీనిని పూర్తిగా కుదుర్చుట సాధ్యము కాదు. ఒకరి మడి నీరు మరియొకరి మడికి పారును గనుక ఒక్కరి జాగ్రత్త చాలదు. సభ్యులందరు కలసి, సార్వాకు ముందే, సంఘము ద్వారా తెగులును తట్టుకొను విత్తనమును తెప్పించుకొనుట మేలు.