దర్పణములు – దిక్కులు

సదుం నుండి పుంగనూరునకు పోవు బస్సునకు ముందుభాగమున, డ్రైవరు ప్రక్కగా ఒక అద్దము బిగింపబడి యుండును. అది వెలుపలికి ఉబ్బిన కుంభాకార దర్పణము. వెనుక వచ్చు వాహనము దానిలో నిలువుగనే కాని, చిన్నదిగా కనబడును. చిన్నదానిని దూరమున నున్నదని భ్రమించుట కంటికి సహజము. ఆ భ్రమను నమ్మి బస్సును ప్రక్కకు త్రిప్పినచో ప్రాణాపాయము కలుగవచ్చును.

లారీ 18 మీటర్ల వెనుక నున్నదనియు, దర్పణ నాభ్యంతరము 2 మీటర్లనియు అనుకొందము. వస్తుదూరము, ప్రతిబింబదూరము – ఈ రెండింటి విలోమముల మొత్తము నాభ్యంతరపు విలోమమునకు సమానము. సూత్రము సులభమే, చిక్కు గుర్తులలో నున్నది. దూరములన్నియు దర్పణ ధ్రువము నుండి కొలువవలెను. పతనకిరణము పోవు దిక్కున కొలిచినవి ధనములు. ఎదురు దిక్కున కొలిచినవి ఋణములు.

లారీ దర్పణమునకు ముందున్నది. కనుక వస్తుదూరము −18. కుంభాకార దర్పణపు నాభి వెనుక నుండును; కనుక నాభ్యంతరము +2. అప్పుడు 1/2 + 1/18 = 10/18. ప్రతిబింబము దర్పణము వెనుక 1.8 మీటర్ల దూరమున, పదియవ వంతు పరిమాణముతో ఏర్పడును. 3 మీటర్ల ఎత్తు గల లారీకి 30 సెంటీమీటర్ల ప్రతిబింబమే కలుగును.

తొందరపడి నాభ్యంతరమును −2 అని వ్రాసిన విద్యార్థికి −2.25 వచ్చును. అనగా లారీ తలక్రిందులుగా కనబడవలెను! కూడికలో తప్పు లేదు. కాని బస్సు అద్దములో తలక్రిందులైన లారీని చూచినవా రెవ్వరు?

లోపలికి వంగిన పుటాకార దర్పణమునకు నాభి ముందే యుండును. దీనికి గొప్ప ఉదాహరణము కుప్పమునకు ఆగ్నేయమున, తమిళనాడులోని జవ్వాది కొండలలో కలదు. అదియే కావలూరు వేధశాల. హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు దానికై పెద్ద దూరదర్శినిని సంకల్పించెను. 2.34 మీటర్ల వ్యాసము గల దాని దర్పణమును బెంగుళూరులో సానపట్టిరి. బప్పు 1982లో మరణించెను. 1986లో ప్రారంభమైన ఆ దూరదర్శినికి ఆయన పేరే పెట్టిరి.

ఆ దర్పణపు నాభ్యంతరము సుమారు 7.6 మీటర్లు. నక్షత్రము అత్యంత దూరమున నుండుటచే దాని దూరపు విలోమము సున్నయే. కావున ప్రతిబింబదూరము −7.6; అనగా దర్పణమునకు ముందు, నాభియందే ప్రతిబింబ మేర్పడును. గుర్తు తప్పినవాడు దానిని దర్పణము వెనుక వెదకును. అచ్చటికి నక్షత్రకాంతి చేరనే చేరదు.

కనుక ముందు పటము గీయవలెను. పిమ్మట గుర్తులు వేయవలెను. ఆ తరువాతనే లెక్కింపవలెను. వచ్చిన జవాబు కంటికి కనబడు లోకముతో సరిపోవునా యని కడపట విచారింపవలెను. అట్లు విచారించువానికి గుర్తు తప్పినను జవాబే దానిని పట్టి యిచ్చును.