పెంపుడు పిల్లికి పచ్చి మాంసము పథ్యమా?

ఇటీవల మా వైద్యశాలకు ఒక తల్లి తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. కుమార్తెకు అయిదవ నెల. గర్భిణి పాటింపవలసిన ఆహారనియమములు నేను చెప్పుచుండగా ఆ తల్లి మధ్యలో ఇట్లడిగెను: "డాక్టరుగారూ, మా ఇంట్లో పిల్లి ఉన్నదండీ. ఆదివారం కోడిమాంసం తెచ్చినప్పుడు దానికి పచ్చి ముక్కలే వేస్తాం. పులి జాతి గదా, పచ్చిదే బలమంటారు. దానివల్ల అమ్మాయికేమైనా ఇబ్బందా?"

ఆమె అడిగినది ఒకటే గాని అందులో రెండు ప్రశ్నలున్నవి. పచ్చి మాంసము పిల్లికి మేలా అన్నది మొదటిది. పిల్లి దానిని తిను ఇంటికి మేలా అన్నది రెండవది. రెండింటిని వేర్వేరుగా విచారింతము.

పిల్లి ప్రకృతి

చరకసంహిత సూత్రస్థానమున మాంసమునకు మూలమైన జంతువులు ఎనిమిది వర్గములుగా విభజింపబడినవి. అందు సింహవ్యాఘ్రములతోపాటు మార్జాలమును "ప్రసహ" వర్గమున చేర్చిరి. ఆహారమును బలిమిచే పట్టి తినునవి అని ఆ మాటకు భావము. పిల్లికి మాంసము రుచికొరకు కాదు, ప్రాణధారణకే అవసరమని నేటి పశువైద్యశాస్త్రము కూడ చెప్పుచున్నది.

దీనికి కారణము కలదు. టారిన్ అను పదార్థమును మన శరీరము తానే తయారుచేసికొనును. పిల్లి శరీరము చాలినంత తయారుచేసికొనలేదు. అది మాంసమునుండియే, ముఖ్యముగా గుండెకాయవంటి భాగములనుండి లభింపవలెను. అది లోపించినచో కంటి లోపలి పొర చెడి చూపు పోవును. గుండె కండరము సాగి బలహీనపడును. గుండెజబ్బునకు ఈ లోపమే కారణమగునని 1987లో అమెరికా పరిశోధకులు నిరూపించిరి. అట్లే క్యారట్టువంటి కూరలలోని పదార్థమును మనవలె విటమిన్ ఎ గా మార్చుకొను శక్తియు పిల్లికి లేదు.

పిల్లికి పాలన్నము చాలునని నేను సైతము చాలకాలము తలచితిని, అడిగినవారికి చెప్పితిని. అది పొరపాటు. ఎదిగిన పిల్లులలో అనేకములకు పాలు జీర్ణము కావు, విరేచనములగును. పెరుగన్నముతోనే పిల్లిని పెంచు శాకాహార కుటుంబములవారు ఈ విషయమును గుర్తింపవలెను. మన నియమము మనకు ధర్మమే; దానిని పిల్లిపై మోపుట అహింస కాజాలదు.

పచ్చిది వేరు, తాజాది వేరు

"అడవిపిల్లికి ఎవరు వండి పెట్టుచున్నారు?" అని కొందరు వాదింతురు. అడవిపిల్లి తాను చంపిన ఎలుకను అప్పుడే తినును. మాంసముతోపాటు రక్తము, కార్జము, గుండె, సన్నని ఎముకలు అన్నియు తినును. ఎముకలనుండి దానికి కాల్షియము లభించును. మనము వేయునది అట్టిది కాదు. దుకాణములో కోడిని కోసిన కత్తి, మొద్దు, కడిగిన తొట్టి అన్నియు ఒకటే. కోడి ప్రేగులలోని సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ వంటి సూక్ష్మజీవులు వానినుండి మాంసమునకు అంటును. మన ఎండలకు అవి త్వరగా వృద్ధిచెందును. కావున ఆ మాంసము పచ్చిదే గాని, ఎలుకవలె తాజాది కాదు. పైగా ఎముకలేని మాంసమునే నిత్యము పెట్టినచో కాల్షియము చాలక పిల్లికూనల ఎముకలు మెత్తబడి విరుగును.

పచ్చి మాంసమును సమర్థించువారు తరచు పాటెంజర్ అను అమెరికా వైద్యుని ప్రయోగములను ఉదాహరింతురు. ఆయన 1932 నుండి 1942 వరకు కాలిఫోర్నియాలో పిల్లులపై పరిశీలన జరిపెను. పచ్చి మాంసము తిన్న పిల్లులు ఆరోగ్యముగా ఉండెననియు, వండినది తిన్నవి తరతరమునకు క్షీణించెననియు చెప్పెను. కాని పిల్లికి టారిన్ అవసరమను సంగతి ఆనాటికి ఎవరికిని తెలియదు. మాంసమును ఉడికించునప్పుడు టారిన్ చాలవరకు నీటిలోనికి దిగును. ఆ నీటిని పారబోసినచో లోపము కలుగుట సహజము. అందువలన ఆ ప్రయోగములనుబట్టి వంటనే దోషిగా నిర్ణయింపరాదు.

ఆహారమును నిర్ణయించునప్పుడు చూడవలసిన ఎనిమిది అంశములను చరకుడు విమానస్థానము మొదటి అధ్యాయమున చెప్పెను. వానిలో మొదటిది ప్రకృతి, రెండవది కరణము, అనగా సంస్కారము. నీటితో, అగ్నితో సంస్కరించినపుడు ద్రవ్యమునకు కొత్త గుణము కలుగును. పిల్లికి మాంసమే కావలెననుట ప్రకృతి. ఆ మాంసమును ఉడికించి దోషమును తొలగించుట సంస్కారము. ఈ రెండింటికి విరోధము లేదు.

చేపల విషయమున మరియొక సంగతి కలదు. కొన్ని పచ్చి చేపలలో బి1 విటమిన్‌ను నశింపజేయు పదార్థము ఉండును. వానినే నిత్యము తిను పిల్లి మెడ వాల్చి, తూలి, మూర్ఛలతో పడిపోవచ్చును. ఉడికించినచో ఆ పదార్థము నశించును.

ఇంటివారికి కలుగు ప్రమాదము

ఇక ఆ తల్లి భయమును గూర్చి. టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి పచ్చి మాంసము వలనగాని, వేటాడిన ఎలుకల వలనగాని పిల్లికి సోకును. మొదటిసారి సోకినపుడు సుమారు ఒకటినుండి మూడు వారములవరకు దాని గ్రుడ్లవంటి సూక్ష్మకణములు పిల్లి మలములో వెలువడును. గర్భిణికి ఈ వ్యాధి క్రొత్తగా సోకినచో గర్భస్రావము జరుగవచ్చును. శిశువు కన్నులకు, మెదడునకు హాని కలుగవచ్చును.

అయినను పిల్లిని వెళ్ళగొట్టవలసిన పని లేదు. మలములోని కణములు వెలువడిన వెంటనే వ్యాధి కలిగింపలేవు. వానికి ఆ శక్తి వచ్చుటకు ఒకటినుండి అయిదు రోజులు పట్టును. కావున ఇసుక తట్టను ప్రతిదినము శుభ్రము చేయవలెను. ఆ పని గర్భిణి చేయరాదు. సరిగా ఉడకని మాంసము వలన, మన్ను అంటిన కూరగాయల వలన కూడ ఈ వ్యాధి వచ్చునని మరువరాదు.

రెండవది పక్షిజ్వరము, అనగా బర్డ్ ఫ్లూ. 2023లో పోలండు దేశమున అనేక పిల్లులు దీనికి బలియైనవి. 2024 చివర అమెరికాలో పచ్చి మాంసపు పిల్లి ఆహారమువలన ఈ వ్యాధి సోకి పిల్లి మరణించినట్లు తేలెను. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులలో ఇది బయటపడెను. ఆ మరుసటి నెలలోనే మన గోదావరి జిల్లాలలో కోళ్ళు గుంపులుగా చచ్చినవి. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక పసిబిడ్డ ఈ వ్యాధితో మరణించెను. ఆ బిడ్డ పచ్చి కోడిమాంసపు ముక్క తిన్నట్లు కుటుంబమువారు చెప్పిరని పత్రికలు వ్రాసినవి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించినంతమాత్రమున ఈ వైరసు చావదు. బాగుగా ఉడికించినచో నశించును.

వండి పెట్టు విధానము

1. కోడిమాంసమును, దానితో గుండెకాయను కలిపి, మునుగునంత నీరు మాత్రమే పోసి, లోపల ఎఱుపు కనబడనంతవరకు ఉడికింపవలెను.
2. ఉప్పు, కారము, మసాలా వేయరాదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషతుల్యములు, రక్తకణములను చెఱచును.
3. ఎముకలన్నియు తీసివేయవలెను. ఉడికిన ఎముకలు పెళుసై గొంతునకు, ప్రేగులకు గ్రుచ్చుకొనును.
4. ఉడికిన నీటిని పారబోయక మాంసములో కలిపి, గోరువెచ్చగా పెట్టవలెను.
5. కార్జమును వారమునకు ఒకటి రెండుసార్లు చిన్న ముక్క మాత్రమే పెట్టవలెను. అతిగా పెట్టినచో విటమిన్ ఎ ఎక్కువై ఎముకలు బిఱుసుకట్టును.
6. ఈ మాంసమొక్కటే సంపూర్ణాహారము కాదు. పిల్లులకై సమతూకముగా తయారైన ఆహారమును ప్రధానముగా పెట్టి దీనిని కొద్దిగా చేర్చుట మేలు. ఇంటివంటయే నిత్యము పెట్టదలచినవారు కాల్షియము, టారిన్‌ల మోతాదును పశువైద్యుని అడిగి తెలిసికొనవలెను.
7. పచ్చి మాంసము తాకిన చేతులను, కత్తిని, పీటను సబ్బుతో కడుగవలెను.

ఒక హెచ్చరిక

ఈ పత్రికలో మేము వ్రాయు గృహవైద్యములు మనుష్యులకు ఉద్దేశింపబడినవి. వానిని పిల్లిపై ప్రయోగింపకుడు. జలుబునకు మనము వాడు వెల్లుల్లియు, జ్వరమునకు మ్రింగు పారాసిటమాల్ బిళ్ళయు పిల్లి ప్రాణము తీయగలవు. గజములకు పాలకాప్యుడు, అశ్వములకు శాలిహోత్రుడు వేరుగా శాస్త్రములు చెప్పిరి. ఏ జంతువు ప్రకృతి దానిదే యని పూర్వులు ఎఱిగియుండుటయే ఇందులకు కారణము. పిల్లి ఒక దినము పూర్తిగా తినకున్నను, ఆయాసపడినను, తూలినను, వెంటనే పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను.

ఆ తల్లికి నేను చెప్పిన సమాధానము ఇదియే: "పిల్లికి మాంసం మానకండి, పచ్చిది మానండి. ముక్కలు ఉడికించి ఆ నీళ్ళతోనే పెట్టండి. ఇసుక తట్ట మీరు గాని మీ వారు గాని రోజూ శుభ్రం చేయండి, అమ్మాయి చేత మాత్రం ముట్టించకండి. పిల్లి మీ ఇంట్లోనే ఉండవచ్చు."