రైలు పట్టాల కింద సైకిలు దారి

ఊరి నడుమ నుంచి రైలు మార్గం పోతూంటుంది. ఇళ్ళు ఇటువైపు, బడి అటువైపు. పిల్లలు సైకిలు మీద దాటేదెలా? ఒకప్పుడు గేటు దగ్గర ఆగి దాటేవారు. కాపలా లేని గేట్ల దగ్గర ఘోర ప్రమాదాలు జరిగేవి. మన దేశంలో బ్రాడ్‌గేజి మార్గాల మీద అటువంటి గేట్లన్నిటినీ 2019 జనవరి నాటికి తొలగించారు. చాలా చోట్ల వాటి బదులు పట్టాల కింద నుంచి దారి తవ్వారు. దీనినే మనం అండర్ బ్రిడ్జి అంటున్నాం.

రైలు భయం తీరింది. కాని సైకిలు తొక్కేవారికి కొత్త చిక్కులు వచ్చిపడ్డాయి. అవి పల్లం, చీకటి, ఇరుకు, నీరు. “నెమ్మదిగా వెళ్ళండి” అని బోర్డు పెడితే చాలదా? చాలదు. ఎందుకో మీరు చదువుకున్న భౌతిక శాస్త్రమే చెబుతుంది.

పల్లం ఎంత ఉండాలి?

లారీ దూరడానికి కప్పు సుమారు 5 మీటర్ల ఎత్తున ఉండాలి. సైకిలు మీద మనిషికి 2.5 మీటర్లు చాలు. అంటే లారీల దారిని లోతుగా తవ్వినా, పక్కన సైకిలు దారిని అంత లోతుకు దించనక్కర లేదు. ఒకే వంతెన కింద రెండు దారులను రెండు మట్టాలలో వేయవచ్చు.

దీనివల్ల లాభమేమిటి? లెక్క వేద్దాం. పల్లంలోకి దిగేటప్పుడు స్థితిజశక్తి గతిజశక్తిగా మారుతుంది. వేగం వర్గం = 2 × గురుత్వ త్వరణం × లోతు. గాలి అడ్డును, ఘర్షణను ప్రస్తుతానికి వదిలేద్దాం. పైన ఆగి ఉన్న సైకిలు, తొక్కకుండానే 5 మీటర్ల లోతుకు జారితే అడుగున దాని వేగం సెకనుకు సుమారు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. లోతు 2.5 మీటర్లే అయితే సెకనుకు 7 మీటర్లు, గంటకు 25 కిలోమీటర్లు.

ఇప్పుడు వానకు నేల తడిసి ఉందనుకోండి. బ్రేకు వేస్తే వేగం సెకనుకు 2.5 మీటర్ల చొప్పున మాత్రమే తగ్గుతుందనుకుందాం. మొదటి సైకిలు ఆగడానికి 20 మీటర్లు, రెండవ దానికి 10 మీటర్లు కావాలి. అడ్డు కనబడగానే బ్రేకు పట్టడానికి మనకు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో సైకిలు పోయే దూరాన్ని కూడా కలిపితే 30 మీటర్లు, 17 మీటర్లు అవుతాయి. ఎదురుగా ఒక మేక అడ్డం వచ్చిందనుకోండి, ఆ 13 మీటర్ల తేడాయే ప్రాణం కాపాడుతుంది!

ఎక్కేటప్పుడు కూడా లాభమే. సైకిలుతో కలిపి 60 కిలోగ్రాముల బరువున్న విద్యార్థి 5 మీటర్లు పైకెక్కడానికి 2,940 జౌళ్ళ పని చేయాలి. 2.5 మీటర్లకు అందులో సగం చాలు.

వెలుగు నుంచి చీకటిలోకి

ఎండలో మన కంటిపాప చిన్నదిగా ఉంటుంది. చీకట్లోకి పోగానే అది పెద్దది కావాలి. దీనికి కొద్ది సెకన్లు పడుతుంది. రెటీనా చీకటికి పూర్తిగా అలవాటు పడడానికైతే 20, 30 నిమిషాలు కూడా పట్టవచ్చు. సెకనుకు 5 మీటర్ల వేగంతో పోయేవాడు రెండు సెకన్లలో 10 మీటర్ల దూరం సరిగా చూడకుండానే పోతాడన్నమాట. గుంట ఆ 10 మీటర్లలోనే ఉండవచ్చు.

అందుకే మంచి అండర్ బ్రిడ్జిలో దారి తిన్నగా ఉంటుంది. లోపలికి దిగక ముందే అవతలి చివర కనిపిస్తుంది. గోడలకు లేత రంగు వేస్తారు. ఇంకొక వింత కూడా వినండి. ద్వారం దగ్గర దీపాలు రాత్రి కంటే పగలే ఎక్కువ కాంతినివ్వాలి! ఎందుకో మీరే ఆలోచించండి.

ఇరుకు దారి

తడి చక్రాలతో పొడి నేల మీద సైకిలు తొక్కి వెనక్కి తిరిగి చూడండి. చక్రాల జాడ గీత గీసినట్టు ఉండదు, వంకరలు పోతూ ఉంటుంది. సైకిలు ఏ పక్కకు ఒరిగితే ఆ పక్కకు హాండిలు కొంచెం తిప్పి, మనకు తెలియకుండానే నిలదొక్కుకుంటాం. వేగం తగ్గినకొద్దీ ఈ వంకరలు పెరుగుతాయి. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గుతుంది కనుక అక్కడే దారి వెడల్పుగా ఉండాలి. హాండిలు వెడల్పు 60 సెంటీమీటర్లు. ఊగిసలాటకు చెరో 20 సెంటీమీటర్లు కలిపితే 1 మీటరు. గోడ తగలకుండా ఇంకా కొంత జాగా వదలాలి. మరి లారీల పక్కన ఆ జాగా లేకపోతే ఏమవుతుందో ఊహించండి.

పని జరుగుతున్న చోట

వంతెన కడుతున్నప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. గుంటల మీద ఇనుప రేకులు పరుస్తారు. తడిసిన ఇనుము మీద ఘర్షణ బాగా తగ్గిపోతుంది. చెదిరిన కంకర, ఇసుక చక్రం కింద గోలీల్లా దొర్లుతాయి. పొడుగునా చీలిక ఉంటే ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది. హాండిలు తిరగదు. తిరగకపోతే నిలదొక్కుకోలేం, పడిపోతాం. కనుక రేకు అంచులనుగాని, రైలు పట్టాలనుగాని అడ్డంగా, లంబకోణంలో దాటాలి. ఏటవాలుగా దాటరాదు. తడి రేకు మీద బ్రేకు వేయరాదు, మలుపు తిప్పరాదు. పని చేయించేవారు కూడా సైకిళ్ళకు విడిగా, గట్టి నేల మీద, రాత్రి దీపాలతో దారి చూపాలి.

నెదర్లాండ్స్ చెప్పిన పాఠం

1971లో నెదర్లాండ్స్ రోడ్ల మీద 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి పెద్ద ఉద్యమం నడిపారు. పిల్లలకు జాగ్రత్తలు చెప్పి ఊరుకోకుండా, దారులనే మార్చమని అడిగారు.

అక్కడ ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషను కింద 2015లో కౌపర్స్ సొరంగ మార్గాన్ని ప్రారంభించారు. పొడవు సుమారు 110 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. ఆ స్టేషనులో పట్టాలు నేల కంటే ఎత్తున ఉన్నాయి. అందుచేత సైకిలు లోతుకు దిగే పనే లేదు. దారి తిన్నగా ఉంటుంది. నడిచేవారి బాట కొంచెం ఎత్తుగా, విడిగా ఉంటుంది. ఆ పక్క గోడ నిండా ఓడల బొమ్మలున్న నీలి పెంకులు అతికారు. సైకిళ్ళ పక్కన శబ్దాన్ని పీల్చుకునే ఏర్పాటు చేశారు. లారీలకు, కార్లకు అందులో ప్రవేశం లేదు.

చేసి చూడండి

ఒక గాడిలాంటి అట్టను ఏటవాలుగా నిలిపి, చివర తువ్వాలు పరవండి. గోలీని 5 సెంటీమీటర్ల ఎత్తు నుంచి, తర్వాత 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. తువ్వాలు మీద అది ఎంత దూరం దొర్లి ఆగిందో కొలవండి. రెండవసారి దాదాపు రెట్టింపు వస్తుంది. పైన మనం వేసిన లెక్క ఇదే.

ఇక మీ ఊరి అండర్ బ్రిడ్జి దగ్గరకు పెద్దల తోడుతో వెళ్ళండి. కాలిబాట మీద నిలబడే దీపాలెన్ని, సైకిలుకు జాగా ఎంత, వాననీరు పోయే కాలువ ఉందా అని రాసుకోండి. నీరు నిలిచి ఉంటే మాత్రం ఎంత లోతో చూద్దామని దిగకండి. కింద గుంట ఉన్నా, మూత లేని కాలువ ఉన్నా కనబడదు. మీరు రాసుకున్నది మీ మాస్టారికి చూపి, పురపాలక సంఘానికిగాని పంచాయతీకిగాని ఉత్తరం రాయండి. కొలతలతో రాసిన ఉత్తరానికి విలువ ఎక్కువ.