వీణను బొబ్బిలికి పంపునప్పుడు

ప్రశ్న: మా అమ్మగారి బొబ్బిలి వీణ మెట్లు కదలి అపస్వరము పలుకుచున్నది. హైదరాబాదునుండి తయారుచేసినవారికే పార్సెలులో పంపవచ్చునా?

జవాబు: అమ్మా, పంపవచ్చును, కాని వేసవిలో వలదు. 24 మెట్లను పట్టియుంచునది మైనమే గనుక, అది సడలినచో శ్రుతి చెడును. ఎండకు కాగిన లారీలో మరింత మెత్తబడి ఉన్న దోషము హెచ్చును. ముందుగా బొబ్బిలి వీణలు చేయు గొల్లపల్లి పనివారికి ఫోటోలు చూపి వారి సమ్మతి పొందుడు. పిమ్మట తీగలను పూర్తిగా విప్పక, గుఱ్ఱము జారనంతమట్టుకే వదులుచేసి, దండి క్రిందనుండు బుర్రను ఊడదీసి వేరుగా చుట్టి, సుకుమారమైన యాళిముఖమునకును బిరడలకును మెత్తని వస్త్రము దట్టముగా కూర్చి, కదలుటకు చోటీయని చెక్కపెట్టెలో భద్రపరుపవలయును. ఒకే పనసమ్రానున తొలిచిన ఆ దేహము పగిలినచో మరల ఏకఖండము కానేరదు. బీమా తప్పక చేయింపుడు. దండియందు సన్నని పగులైనను కానవచ్చినచో, పార్సెలు మాట విడిచి, స్వయముగా వెంటగొనిపోయి పనివారికి చూపుడు.